పండరి నడక

పూణే దగ్గరి ఆళంది నుంచి పండరిపురానికి సుమారు 250 కిలోమీటర్ల దూరం. ఉదయం బస్సెక్కినవారు సాయంత్రానికి ముందే పండరిలో దిగి, స్నానం చేసి, కాస్త నడుం వాల్చవచ్చు. అదే దూరాన్ని ఏటా లక్షలాది జనం కాలినడకన దాదాపు 18 రోజుల పాటు నడుస్తారు. వారిలో రైతులు, కూలీలు, నేతపనివారు, ఉపాధ్యాయులు ఉంటారు. డెబ్బై ఏళ్ళు దాటిన ముసలివారూ, చంకలో బిడ్డలున్న తల్లులూ ఉంటారు. బస్సు దొరకక నడిచేవారు కారు. దారి పొడవునా బస్సులు పక్కనుంచి పోతూనే ఉంటాయి. ఎవరూ చెయ్యెత్తి ఆపరు. ఒక పూటలో అయ్యే ప్రయాణానికి ఇన్ని రోజులెందుకు?

ఈ యాత్రను మరాఠీలో 'వారీ' అంటారు. మనం 'వారి ఇల్లు', 'వారి ఊరు' అనే మాటతో దీనికి సంబంధం లేదు. పోవడం, తిరిగి రావడం, మళ్ళీ పోవడం అని దాని భావం. ఒకసారి మొక్కు తీర్చుకుని ఊరుకునే యాత్ర కాదన్నమాట. వారీ చేసేవాడు వార్కరీ. మెడలో తులసిమాల, నుదుట గోపీచందనం, చేతిలో తాళాలు అతని గుర్తులు. జ్యేష్ఠ బహుళ సప్తమినాడు దేహూ గ్రామం నుంచి తుకారాం పాదుకలు, మరునాడు అష్టమికి ఆళంది నుంచి జ్ఞానేశ్వరుని పాదుకలు పాలకీలలో బయలుదేరుతాయి. ఇతర సాధుసంతుల పాలకీలు కూడా ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. అన్నీ ఆషాఢ శుద్ధ ఏకాదశి నాటికి, అంటే మనం తొలి ఏకాదశి అని పిలుచుకునే పండుగకు, పండరి చేరాలి.

జ్ఞానేశ్వరుడు భగవద్గీతను మరాఠీలో జనానికి అందించిన మహానుభావుడు. 1296లో ఆళందిలో సమాధి పొందాడు. ఆయన పాలకీకి నేటి రూపం ఇచ్చినవాడు హైబత్‌బాబా అర్ఫళ్‌కర్. ఇది 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల మాట. పాలకీ వెంట నడిచే గుర్రాలు కర్ణాటకలోని బెళగావి జిల్లా అంకలి గ్రామం నుంచి వస్తాయి. ఒక గుర్రంపై రౌతు ఉంటాడు. రెండవ దానిపై ఎవరూ ఎక్కరు. అది జ్ఞానేశ్వరునిదని నమ్మకం.

ఇన్ని రోజులెందుకన్న ప్రశ్నకు జవాబు పండరి గుడిలోనే నిలబడి ఉంది. పాండురంగని విగ్రహాన్ని మీరు పటంలోనైనా చూసి ఉంటారు. ఆయుధమెత్తిన చేయి లేదు, వరమిచ్చే చేయి లేదు. రెండు చేతులూ నడుముమీద పెట్టుకుని, ఇటుకపై రెండు పాదాలూ సమంగా ఆనించి నిలుచున్నాడు. గుమ్మం ముందు ఎవరికోసమో ఎదురుచూసే మనిషి అలాగే నిలుచుంటాడు. దేవుడు ఎవరికోసం ఎదురుచూశాడు?

పుండరీకుని కథ మీలో కొందరికి తెలుసు. మరాఠీవారు అతణ్ణి పుండలీకుడంటారు. అతడు మొదట మంచివాడు కాదు. తల్లిదండ్రులను లెక్కచేసేవాడు కాదు. వారు విసిగి కాశీకి బయలుదేరితే, అతడూ భార్యతో కలిసి గుర్రమెక్కి అదే దారిన వెళ్ళాడు. ముసలివారు నడుస్తున్నారు, కొడుకూ కోడలూ గుర్రం మీద పోతున్నారు. సాయంత్రం మజిలీలో గుర్రాలను తోమే పని కూడా ఆ ముసలివారిదే.

దారిలో కుక్కుటముని ఆశ్రమం వచ్చింది. ఆ రాత్రి పుండరీకుడికి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున మాసిన బట్టలు కట్టుకున్న కొందరు స్త్రీలు వచ్చి, ఆశ్రమం ఊడ్చి, నీళ్ళు చల్లి, పని ముగిశాక తెల్లని వస్త్రాలతో వెళ్ళిపోవడం చూశాడు. ఎవరు మీరని అడిగాడు. తాము గంగ, యమున మొదలైన నదులమని, లోకుల పాపాలు కడిగి కడిగి మాసిపోయిన తాము ఈ ముని వాకిలి ఊడ్చి శుద్ధి పొందుతున్నామని వారు చెప్పారు. ఆ ముని గొప్పతనమల్లా తల్లిదండ్రులను కనిపెట్టుకుని ఉండడమే. గంగే ఇక్కడికి వస్తున్నప్పుడు ఇక కాశీకి పోవడమెందుకు? పుండరీకుడు గుర్రం దిగాడు. తల్లిదండ్రులను వెంటబెట్టుకుని భీమానది ఒడ్డుకు వచ్చి, వారి సేవలో ఉండిపోయాడు.

ఒకనాడు అతని సేవకు మెచ్చి దేవుడే వాకిట్లోకి వచ్చాడు. ఆ సమయానికి పుండరీకుడు తల్లిదండ్రుల కాళ్ళు ఒత్తుతున్నాడు. లేస్తే వారికి నిద్రాభంగం అవుతుంది. చేతికందిన ఇటుకను వెనక్కు విసిరి, పని అయ్యేదాకా దానిమీద నిలుచోమన్నాడు. దేవుడికి కోపం రాలేదు. ఇటుకెక్కి నిలుచున్నాడు. ఇప్పటికీ అలాగే ఉన్నాడని భక్తులు చెబుతారు. మరాఠీలో 'వీట్' అంటే ఇటుక. విఠ్ఠలుడనే పేరు ఆ మాట నుంచే వచ్చిందని జనం అనుకుంటారు.

16వ శతాబ్దంలో తెనాలి రామకృష్ణుడు ఈ క్షేత్ర మహిమనే 'పాండురంగ మాహాత్మ్యము' అనే కావ్యంగా రాశాడు. 1957లో వచ్చిన 'పాండురంగ మహాత్యం' సినిమాలో పుండరీకుడుగా ఎన్.టి.రామారావు నటించారు. ఆ విధంగా పండరి కథ తెలుగు ఇళ్ళలో ఏనాటినుంచో ఉంది.

ఇది ఆలోచిస్తే కొంచెం గడుసు కథ. భక్తుడు దేవుడి కోసం అన్నీ వదిలి పరుగెత్తాలని చెప్పే కథలు మనకు చాలా ఉన్నాయి. ఇక్కడ భక్తుడు దేవుణ్ణే కాసేపు ఆగమన్నాడు. పక్కనున్న మనిషికి ఇవ్వవలసిన సమయాన్ని కోసి తనకు ఇమ్మని దేవుడు అడగలేదు. గుర్రం మీద పోయినన్నాళ్ళూ పుండరీకుడికి తల్లిదండ్రుల ముఖాలే కనిపించలేదు. గుర్రం దిగి నడిచాకే కనిపించాయి. వార్కరీల నడకకు మూలం ఈ కథలోనే ఉందనిపిస్తుంది.

వారీలో నడిచేవారు 'దిండీ' అనే బృందాలుగా ఉంటారు. ముందు కాషాయ పతాకాలు పట్టుకున్నవారు, తరువాత తాళధారులు, వారి మధ్య మృదంగం వాయించేవాడు, వీణ ధరించిన పెద్ద, ఆ వెనుక తలపై తులసికోటలూ నీళ్ళబిందెలూ మోసే స్త్రీలు. దిండీలకు సంఖ్యలుంటాయి. కొన్ని రథానికి ముందు, ఎక్కువ భాగం వెనుక నడుస్తాయి. కాళ్ళలో బలముంది కదా అని ఒక దిండీ మరొకదాన్ని దాటిపోరాదు. దిండీలోనూ అంతే. ఒకే అభంగాన్ని అందరూ పాడుతుంటారు. తాళానికి తగినట్టు అడుగు వేస్తారు. ఇరవై ఏళ్ళ కుర్రవాడు అరవై ఏళ్ళ పెద్దాయన పక్కన, ఆయన అడుగుకు తన అడుగు తగ్గించుకుని నడవవలసిందే. మొదటి రోజు అది కష్టంగానే ఉంటుందట. వేగంగా నడవడం కన్నా మెల్లగా నడవడానికే ఎక్కువ ఓర్పు కావాలి. మీ ఇంట్లో చిన్న చెల్లెలి చెయ్యి పట్టుకుని బజారుకు వెళ్ళినవారికి ఈ సంగతి తెలుసు.

ఏ దిండీలోనూ చేరకుండా తమ ఇష్టప్రకారం నడిచేవారు కూడా చాలామంది ఉంటారు. గుడారాలు, వంటపాత్రలు, పరుపుచుట్టలు లారీల్లో ముందుగా తరువాతి మజిలీకి పోతాయి. ఇందులో దాపరికం ఏమీ లేదు. సామాను ఎంత త్వరగా చేరితే అంత మంచిది. మనుషులు మాత్రం నడిచే చేరాలి.

పూణే నుంచి సాస్వడ్‌కు పోయే రోజు అన్నిటికన్నా పొడుగైనది. ఆనాడు దివే ఘాట్ ఎక్కాలి. రథానికి అదనంగా ఎడ్లజతలు కడతారు. వాన పడుతుంటే రేకుకాగితాలు కప్పుకుని, ఎండ కాస్తుంటే కొంగులు కప్పుకుని, కొండదారి నిండా మనుషులు పాడుకుంటూ ఎక్కుతారు. తరువాత జెజూరి వస్తుంది. అక్కడి ఖండోబాను తెలుగువారు మల్లన్నగా కొలుస్తారు. నీరా నదిలో జ్ఞానేశ్వరుని పాదుకలకు స్నానం చేయిస్తారు. ఇంకా ముందుకు పోతే విశాలమైన మైదానాల్లో 'రింగణ్' జరుగుతుంది. జనం వలయంగా నిలబడితే మధ్యలో గుర్రాలు పరుగెత్తుతాయి.

వార్కరీలు ఒకరినొకరు పేరుతో పిలుచుకోవడం తక్కువ. 'మావులీ' అంటారు. అంటే తల్లి. అది జ్ఞానేశ్వరునికి ప్రేమగా పెట్టుకున్న పేరు. అదే పేరుతో పక్కవాణ్ణి పిలుస్తారు. దారి ఇమ్మన్నా మావులీ, నీళ్ళు కావాలన్నా మావులీ. కలిసినప్పుడు ఒకరి పాదాలు ఒకరు తాకుతారు. చిన్నవాడు పెద్దవాడి కాళ్ళు తాకితే, పెద్దవాడు కూడా వంగి చిన్నవాడి కాళ్ళు తాకుతాడు. వయసు, చదువు, సంపద చూడరు. నడుస్తూ నడుస్తూ ఇది చేయలేరు. ఆగాలి, వంగాలి.

సాయంత్రం మజిలీ చేరాక జరిగే 'సమాజ ఆరతి' గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వారీలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. పాలకీని మధ్యలో దించుతారు. దిండీలన్నీ చుట్టూ చేరి తాళాలు మోగిస్తుంటాయి. ఆ హోరులో పక్కవాడి మాట వినిపించదు. అప్పుడు చోప్‌దారు, అంటే దండం పట్టుకుని యాత్రను క్రమంలో నడిపించే అధికారి, తన దండాన్ని పైకెత్తి కేక వేస్తాడు. ఒక్కసారిగా తాళాలన్నీ ఆగిపోతాయి. అంతమంది జనం నిశ్శబ్దంగా నిలబడతారు.

ఏదైనా దిండీకి ఆ రోజు అన్యాయం జరిగితే మాత్రం ఆ దిండీ తాళాలు ఆపదు. తమ వరుసలోకి ఎవరో చొరబడ్డారనో, బస చేసే చోటు దొరకలేదనో వారికి ఫిర్యాదు ఉంటుంది. అందరూ ఆపినా వారు మోగిస్తూనే ఉంటారు. చోప్‌దారు వారి దగ్గరకు వెళ్ళి, ఏమైందో విని, సర్దిచెప్పాలి. అప్పుడు గాని ఆ తాళాలు ఆగవు. తరువాత దారిలో దొరికిన వస్తువులేవో, తప్పిపోయినవారెవరో, మరునాడు ఎన్ని గంటలకు బయలుదేరాలో చెబుతారు. ఆ తరువాతనే ఆరతి.

ఈ క్రమాన్ని గమనించండి. పొద్దుటినుంచి నడిచి అలసిన జనం, ఆకలితో ఉన్న జనం, ఒక దిండీ ఫిర్యాదు తీరేదాకా నిలబడి ఉన్నారు. దేవుడి ఆరతి కూడా దానికోసం ఆగి ఉంది. పుండరీకుడి ఇంటిముందు ఇటుకమీద దేవుడు ఆగినట్టే.

కలిసి నడిచినంత మాత్రాన మనసులు కలిసిపోతాయని అనుకోవద్దు. మానవశాస్త్రవేత్త ఇరావతీ కర్వే (1905–1970) వారీలో నడిచి, ఆ అనుభవాన్ని వ్యాసంగా రాశారు. పగలంతా ఒకే పాట కలిసి పాడినవారు భోజనాల వేళకు కులాలవారీగా విడిపోయి, వేరువేరుగా వండుకుని తినడం ఆమె చూశారు. అది ఆమెను చాలా బాధించింది. అంతకు చాలా ముందే, 14వ శతాబ్దంలో, మహర్ కులానికి చెందిన చోఖామేళా విఠ్ఠలుణ్ణి జీవితమంతా పాడాడు. ఆయనను గుడిలోపలికి రానివ్వలేదు. మంగళవేఢాలో గోడ కూలి చనిపోయాడు. పండరి గుడి వెలుపలే ఆయన సమాధి ఉంది. వందల ఏళ్ళ తరువాత 1947 మే నెలలో, గుడి తలుపులు దళితులకు తెరవాలని సానే గురూజీ పండరిలో నిరాహారదీక్ష చేశారు. పది రోజులకు తలుపులు తెరుచుకున్నాయి. ఎదురుచూసే దేవుడి ముందు మనుషులను అన్ని వందల ఏళ్ళు బయట నిలబెట్టినవారు కూడా నోటితో మావులీ అన్నవారే. వారీని పొగిడేటప్పుడు ఈ సంగతి దాచడం మర్యాద కాదు.

ఏకాదశినాడు పండరిలో దర్శనానికి వరుస కిలోమీటర్ల పొడవు సాగుతుంది. ఒక్కోసారి ఒక రోజు దాటినా లోపలికి చేరలేరు. అందుకని ఎందరో వార్కరీలు చంద్రభాగలో స్నానం చేసి, దూరంగా గుడి శిఖరం చూసి, చేతులు జోడించి వెనుదిరుగుతారు. (పండరి దగ్గర చంద్రవంకలా వంపు తిరిగిన భీమానదికే చంద్రభాగ అని పేరు. ఆ నీరే దిగువన కృష్ణలో కలిసి తెలుగు నేలకు వస్తుంది.) 18 రోజులు నడిచి వచ్చి, దేవుడి ముఖం చూడకుండానే పోవడమా అని కొత్తవారు ఆశ్చర్యపోతారు. వార్కరీకి ఆ దిగులు ఉన్నట్టు కనిపించదు. దారిలో అన్ని రోజులూ 'మావులీ' అని పిలిచి ఎవరి కాళ్ళు తాకాడో, వారిలో అతనికి దర్శనం అయిపోయింది.

2020లో కరోనా వ్యాధి కారణంగా నడక యాత్ర ఆగిపోయింది. పాదుకలను ఎస్.టి. బస్సులో పెట్టి, కొద్దిమందితో పండరికి తీసుకుపోయారు. 2021లోనూ బస్సులోనే. పాదుకలు వేళకు చేరాయి, ఏకాదశి పూజ జరిగింది. శాస్త్రప్రకారం లోటేమీ లేదు. అయినా తమ ఊరిమీదుగా పాలకీ రాని ఆ రెండేళ్ళు ఏదో వెలితిగా ఉండిందని దారిపొడవునా ఉన్న పల్లెలవారు చెప్పుకున్నారు. 2022లో మళ్ళీ కాలినడక మొదలైంది.

మీలో తమిళనాడులో ఉన్నవారు పళనికి నడిచి వెళ్ళే భక్తులను చూసి ఉంటారు. ఒడిశాలో ఉన్నవారికి పూరీ రథం ఎంత మెల్లగా కదులుతుందో తెలుసు. షోలాపూరులో ఉన్నవారికి పండరి ఎంతో దూరం లేదు. అది ఆ జిల్లాలోనిదే. తెలంగాణ ప్రాంతం నుంచి మగ్గాలతో తరలివచ్చిన పద్మశాలీలు ఆ నగరంలో తరతరాలుగా స్థిరపడ్డారు. షోలాపూరు దుప్పట్ల పేరు దేశమంతా తెలుసు. ఆ ఇళ్ళలో చాలామంది స్త్రీలు బీడీలు చుడతారు. ఆ పనిలో కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. చేయి ఆగితే కూలి ఆగుతుంది. విదర్భలోని షేగావ్ నుంచి గజానన మహారాజ్ పాలకీ ఏటా ఒక నెల రోజులు నడిచి, షోలాపూరు మీదుగానే పండరికి పోతుంది. అలాంటి ఒక ఆషాఢపు రోజున అక్కడి ఒక తెలుగు ఇంట్లో ఇలా జరిగిందనుకోండి.

ముసలామె ఒడిలో చాట పెట్టుకుని తునికాకు చుడుతోంది. వీధి చివరినుంచి తాళాల చప్పుడు వినిపించింది. ఆమె చాట పక్కన పెట్టి లేచింది. బిందె నింపుకుంది.

"అవ్వా, ఇంకా మూడు వందలు మిగిలినయి గదా! సాయంత్రం కార్ఖానాలో వెయ్యి అప్పజెప్పాలె," అన్నాడు తొమ్మిదో తరగతి చదివే మనవడు.

"ఉండనీ బిడ్డా. ఆకు ఎక్కడికీ పోదు. వాళ్ళు పోతరు," అంది ఆమె. "నువ్వూ ఆ గ్లాసులు పట్టుకొని రా."

రోడ్డు పక్కన ఇద్దరూ నిలబడ్డారు. మనవడు గ్లాసు నింపడం, అందించడం, ఖాళీ గ్లాసు తీసుకోవడం చకచకా చేస్తున్నాడు. అవ్వ అలా చేయలేదు. ఒక ముసలి వార్కరీ నీళ్ళు తాగి అరుగుమీద కూలబడితే, ఆమె బిందె దించి పక్కనే కూర్చుంది. ఏ ఊరు, ఎన్నోసారి, కాళ్ళకు ఏం రాసుకుంటున్నావని అడిగింది. ఆయన మరాఠీలో చెబుతుంటే ఆమె సగం మరాఠీలో, సగం తెలుగులో జవాబిచ్చింది. ఆయన భార్య కిందటేడు చనిపోయింది. ఇద్దరూ కలిసి నడిచేవారట. ఈ ఏడాది మొదటిసారి ఒంటరిగా వస్తున్నాడు. అవ్వ ఏమీ అనలేదు. ఆయన లేచేదాకా కూర్చుంది. లేచాక ఆయన వంగి ఆమె కాళ్ళు తాకబోతే, ఆమె కూడా వంగింది.

ఆనాడు కార్ఖానాకు ఏడు వందల బీడీలే వెళ్ళాయి. మిగిలినవి ఆమె రాత్రి దీపం కింద చుట్టింది. మనవడు రోజూ లోపలి గదిలో చదువుకునేవాడు. ఆ రాత్రి పుస్తకం తెచ్చుకుని ఆమె పక్కన కూర్చుని, పాఠం పైకి చదివాడు.

అభ్యాసం

ప్రశ్నలు

1. పాండురంగని నిలుపులోని విశేషమేమిటి? దానికి కారణంగా చెప్పే కథను సొంతమాటల్లో రాయండి.
2. సమాజ ఆరతిలో ఒక దిండీ తాళాలు ఆపకపోతే ఏం జరుగుతుంది? ఈ పద్ధతి గురించి మీ అభిప్రాయం చెప్పండి.
3. ఇరావతీ కర్వే బాధపడడానికి కారణమేమిటి? చోఖామేళా జీవితానికీ ఆ సంగతికీ ఉన్న సంబంధం వివరించండి.
4. "ఆకు ఎక్కడికీ పోదు. వాళ్ళు పోతరు." ఈ మాటలు ఎవరు, ఏ సందర్భంలో అన్నారు? అలా అనడంవల్ల ఆమెకు కలిగిన నష్టమేమిటి?
5. మనవడు నీళ్ళు ఇచ్చిన తీరుకూ, అవ్వ ఇచ్చిన తీరుకూ ఉన్న భేదాన్ని రాయండి.

చేయండి

మీ ఊరికి కాలినడకన వచ్చే యాత్రికులెవరైనా ఉంటే, వారిలో ఒకరితో మాట్లాడి, విన్నది పది వాక్యాల్లో రాయండి. లేదా మీ ఇంట్లోని పెద్దవారి పక్కన ఒక సాయంత్రం కూర్చుని, వారు తమ చిన్ననాట ఎక్కడికి నడిచి వెళ్ళేవారో అడిగి తెలుసుకోండి.